గీత చూసి పిలిచారు

మెట్ట నేల నుంచి అచ్చు యంత్రం దాకా: 7వ భాగం

1946లో మద్రాసు ఆర్ట్స్ స్కూలు చదువు ముగించుకుని బయటికొచ్చిన ఒక కుర్రాడికి ‘కలైమగళ్’ అనే తమిళ పత్రికలో బొమ్మలు వేసే కొలువు దొరికింది. జీతం నెలకు 85 రూపాయలు. ఊరు ఈరోడ్ వైపు ఒక పల్లె, పేరు కె.సి. శివశంకరన్. బడిలో డ్రాయింగ్ మాస్టారు అతని చెయ్యి చూసి, బి.ఏ. చదువు నీకొద్దు, బొమ్మల బడికి పొమ్మన్నారు. ఆ బడికి అప్పుడు ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మెరీనా బీచిలో బరువైన బండను కదిలిస్తున్న శ్రామికుల విగ్రహం చేసిన మహానుభావుడు ఆయనే.

అయిదేళ్ళు గడిచేసరికి జీతం 150 దాకా పెరిగింది గానీ దాని వెంటే సంసారమూ పెరిగింది. ఇల్లు గడవటానికి శివశంకరన్ వేరే పత్రికలకు కూడా బొమ్మలు వేసిచ్చేవారు. సరిగ్గా అప్పుడు, 1950ల మొదట్లో, ‘చందమామ’ నుంచి పిలుపొచ్చింది. నెలకు 350 ఇస్తామన్నారు. ఒకటే షరతు: జీతాల పుస్తకంలో మాత్రం 300 అని రాస్తారు. చందమామ ప్రధాన చిత్రకారుడు చిత్రా గారి జీతం అప్పటికి 350. నిన్నగాక మొన్న వచ్చినవాడికీ తనకూ ఒకటే జీతమని తెలిస్తే ఆయన నొచ్చుకుంటారు. అందుకని తక్కిన 50 ఇంకో లెక్కలో ఇచ్చారు. ఈ ముచ్చట శివశంకరన్, అంటే చందమామ పాఠకులు ఎరిగిన శంకర్ గారే, పెద్దవయసులో చెప్పుకొచ్చారు.

ఆ 50 రూపాయల సర్దుబాటులో నాకు చాలా పెద్ద చరిత్ర కనిపిస్తుంది. ఒక మంచి చేతిని తెచ్చుకోవాలి, ఉన్న మంచి చేతిని పోగొట్టుకోకూడదు. బొమ్మలేసేవాళ్ళని ఒక కప్పు కిందికి చేర్చడం ఎంత నేర్పుతో చేయాల్సిన పనో ఆ లెక్క చెబుతుంది.

ఈ ధారావాహిక గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల కథ కదా, మద్రాసులో ఒక తమిళ చిత్రకారుడి జీతం ఊసు ఇందులోకి ఎందుకొచ్చింది అని పాఠకులకు అనిపించవచ్చు. ఆయన్ని రమ్మన్న పత్రికకు తలకాయ మన తెనాలిది. మన మెట్టలోని నల్లపాడులో బండెక్కితే గుంటూరు, ఆ పైన తెనాలి, గంట ప్రయాణం. పత్తి, మిరప పండే ఈ మెట్టకీ వరి పండే ఆ మాగాణికీ మధ్య తేడా పొలాల్లోనే. పుస్తకాల పిచ్చి రెండు వైపులా ఒక్కటే. పోయిన భాగంలో గుంటూరు అచ్చాఫీసుల దగ్గర ఆగాం. ఈ భాగంలో ఆ దారే పట్టుకుని మద్రాసు వడపళనిలోని చందమామ ఆఫీసు దాకా పోదాం.

ఆలూరి వెంకటసుబ్బారావు అంటే ఎవరికీ తెలియదు, చక్రపాణి అంటే అందరికీ తెలుసు. 1908లో తెనాలిలో పుట్టారు. క్షయ పట్టి మదనపల్లె శానిటోరియంలో మంచాన ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగు ఇళ్ళలోకి తెచ్చిన మనిషి. తెనాలి నుంచి ‘యువ’ పత్రిక నడిపారు. ఆయనకు తోడు దొరికింది కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి. ఒకరిది పత్రిక తల, ఇంకొకరిది ప్రెస్సు, వ్యాపారం. 1947 జులైలో, దేశానికి స్వాతంత్ర్యం రావటానికి నెల ముందు, చందమామ మొదటి సంచిక వచ్చింది. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ, రెండూ ఒకేసారి.

ఆ ఒకేసారి అన్నదే చిత్రకారుల వేటకు మూలం. కథను ప్రతి భాషలోకీ మళ్ళీ రాయాలి, మళ్ళీ అక్షరాలు పేర్చాలి. బొమ్మకు ఆ బాధ లేదు. ఒకసారి గీసి బ్లాకు చేయిస్తే తెలుగుకీ అదే, తమిళానికీ అదే. తర్వాత కన్నడం, హిందీ, మలయాళం, మరాఠీ అంటూ పత్రిక డజను భాషల దాకా పాకింది. ఒక భాషలో వచ్చే పత్రిక బొమ్మకు పెట్టే ఖర్చును ఒక్క సంచికే మొయ్యాలి. చందమామలో ఆ ఖర్చును అన్ని భాషల సంచికలూ పంచుకుంటాయి. అందుకే పక్క పత్రిక 150 ఇస్తున్న చేతికి వీళ్ళు 350 ఇవ్వగలిగారు. ధర్మం కోసం కాదు, దానం కోసం అంతకన్నా కాదు. లెక్క కుదిరింది, చిత్రకారుడి ఇల్లూ నిలబడింది. కళకు జీతం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియకుండా కళాకారుల చరిత్ర రాస్తే అది సగమే అవుతుందని నా గట్టి నమ్మకం.

ఇక ఎవర్ని పిలవాలి అన్న సంగతి. గుంటూరు యార్డులో మిర్చి కొనేవాడు టిక్కీ మీద రాసిన పేరు చూసి ధర చెప్పడు. లోపలికి చెయ్యి పోనిచ్చి పిడికెడు మచ్చు తీస్తాడు, రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. చందమామవాళ్ళు మనుషుల్ని తీసుకున్న తీరూ అదే. చిత్రా అన్న పేరుతో గీసిన టి.వి. రాఘవన్ ఏ బొమ్మల బడిలోనూ చదువుకోలేదు. శంకర్ అయిదేళ్ళు బడిలో చదివి పట్టా తీసుకున్నవారు. ఇద్దరూ ఒకే గదిలో పక్కపక్కన పనిచేశారు. పట్టా చూసి ఉంటే చిత్రా లోపలికి వచ్చేవారే కాదు. పట్టా లేనివాడే సహజ కళాకారుడు అనుకునే మోజు ఉండి ఉంటే శంకర్ బయటే ఉండిపోయేవారు.

బెంగళూరు వైపు నుంచి ఎం.టి.వి. ఆచార్య వచ్చారు. మహాభారత ఘట్టాల ముఖచిత్రాలు ఆయనవి. ఆ అట్టలు చింపి ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్న ఇళ్ళు మన పల్లెల్లో ఉండేవి. తర్వాత ఆయన బెంగళూరులో పోస్టు ద్వారా బొమ్మలు నేర్పే బడి పెట్టారు. తనను ఒకరు గీత చూసి పిలిచారు, తాను పదిమందికి గీత నేర్పారు. శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడ్డ వడ్డాది పాపయ్య కూడా చందమామ అట్టకు రంగులద్దారు. వ.పా. అని సంతకం కనపడితే చాలు, ఆ అట్ట మీద పసుపూ ఎరుపూ ఇంకే అట్ట మీదా లేనట్టు వెలిగేవి.

ఇన్ని మాటలు చెప్పే బదులు ఒక బొమ్మను దగ్గరగా చూద్దాం. బేతాళ కథల మొదట్లో నెలనెలా వచ్చే శంకర్ గారి విక్రమార్కుడి బొమ్మ. రాజు ఒక చేత్తో కత్తి పట్టుకుని నడుస్తున్నాడు, నిలబడి లేడు. ముందుకు వేసిన కాలి మీద బరువంతా ఉంది. భుజం మీద శవం వేలాడుతోంది, అయినా అది శవంలా లేదు. దాని ముఖంలో మాట్లాడబోతున్న చురుకు ఉంది. వెనక మోడు చెట్టు. రాజు ముఖంలో భయం ఎంత వెతికినా దొరకదు, అలసట మాత్రం కొంచెం ఉంది. ఎన్నో రాత్రులుగా ఇదే పని చేస్తున్నవాడి అలసట అది. కథ చదవకముందే పిల్లవాడికి సగం కథ తెలిసిపోయేది. ఖాళీ వదలని గీత శంకర్‌ది. రాయీ రప్పా, గోడ మీది చెక్కడం, దూరాన నడిచే సేవకుడి తలపాగా మడత, అన్నీ ఉండాల్సిందే. చిత్రా గీత వేరు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల్లోని రాక్షసుల్నీ, వింత మృగాల్నీ, మాంత్రికుల్నీ చిత్రా గీస్తే అవి నిజంగా ఏ కొండల్లోనో తిరుగుతున్నట్టే ఉండేవి.

బొమ్మల పక్కన కథల గది కూడా ఉంది. 1952లో కొడవటిగంటి కుటుంబరావు వచ్చి చేరారు. ఆయనదీ తెనాలే. 1980లో కన్నుమూసేదాకా ఆ కుర్చీ వదల్లేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారిది తెనాలి దగ్గరి చిన గాదెలవర్రు. ‘తోకచుక్క’ మొదలు ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ లాంటివి ఆయన రాసినవే. ఇక్కడ మనుషుల్ని చేర్చుకున్న దారి వేరు. ఊరి పరిచయం, చదివిన పుస్తకాల పరిచయం, ఒకరి గురించి ఒకరు చెప్పుకున్న మాట. బొమ్మల గదిలోకి భాష తెలియనివాడు కూడా గీత పట్టుకుని రావచ్చు. కథల గదిలోకి రావాలంటే తెలుగు వాక్యం పట్టుకుని రావాలి. అందుకే మొదటి గదిలో తమిళులూ కన్నడిగులూ కనిపిస్తారు, రెండో గదిలో తెనాలి చుట్టుపక్కలవాళ్ళు కనిపిస్తారు.

అయితే అందరూ గీత పండాకే పిలుపు అందుకోలేదు. పండకముందే పిల్లల్ని పట్టుకున్న పత్రిక ఒకటుంది. దాన్ని మరిచిపోతే ఈ చరిత్రకు అన్యాయం చేసినట్టే. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగు పిల్లలందరికీ తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. పిల్లలు పంపిన కథలూ బొమ్మలూ వేసేవారు. ఆ ఏడే అందులో పన్నెండేళ్ళు నిండని ఒక పిల్లవాడి బొమ్మ పడింది, అతని స్నేహితుడి కథా పడింది. ఒకరు బాపు, ఒకరు ముళ్ళపూడి వెంకటరమణ. పదేళ్ళ తర్వాత, 1955లో, మద్రాసులో లా పట్టా పుచ్చుకున్న బాపు ‘ఆంధ్రపత్రిక’లో కార్టూన్లు వేసే కొలువులో కుదిరారు. రమణ కూడా ఆ పత్రికలోనే పనిచేశారు. ‘బుడుగు’ ఆ సంస్థ వారపత్రికలోనే పుట్టింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి ‘డుంబు’ బొమ్మల కథ గీసిందీ అక్కడే. ఆంధ్రపత్రిక ప్రకటన ఇచ్చి వెతికితే బాపు దొరికేవారో లేదో నేను చెప్పలేను. చిన్నప్పుడే ఒక పత్రిక ఇచ్చిన చోటు వల్ల ఆ చెయ్యి ఆగకుండా సాగిందని మాత్రం చెప్పగలను.

బొమ్మలేసేవాళ్ళు ఒక చోట చేరడం ఇంకో కాలంలో ఎలా జరిగిందో చూడటానికి, ఇప్పుడు ఒక్కసారి అర్ధ శతాబ్దం దాటి, సముద్రాలు దాటి వెళ్దాం. కాగితం లేదు, బ్లాకు లేదు. కంప్యూటర్ తెర మీద వారానికి ఇన్నిసార్లని వచ్చే బొమ్మల కథలు, అంటే వెబ్‌కామిక్స్, 1990ల చివర అమెరికాలో ఊపందుకున్నాయి. ఎవరి బొమ్మలు వాళ్ళు గీసుకుని, ఎవరి చోట వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. చదివేవాళ్ళు పెరిగితే సర్వర్ ఖర్చు పెరిగేది. ఆదాయం మాత్రం వచ్చేది కాదు. పేరు రావడమే నష్టమయ్యే విచిత్రమైన స్థితి. ఆ నష్టమే వాళ్ళను ఒక చోటికి చేర్చింది. బిగ్ పాండా అనే చోట పోగైన కొందరు అది నిలకడగా లేదని బయటికి వచ్చి, 2000 మార్చిలో కీన్‌స్పాట్ పెట్టారు. క్రిస్ క్రాస్బీ, ఆయన తల్లి టెరీ, డారెన్ బ్లూయెల్, నేట్ స్టోన్ దాని స్థాపకులు. వీళ్ళలో క్రిస్, డారెన్ స్వయంగా బొమ్మల కథలు గీసేవాళ్ళు. యజమానుల్లో బొమ్మలేసేవాళ్ళు ఉండటం చందమామకూ దీనికీ మొదటి తేడా.

కీన్‌స్పాట్‌లో చేరడం ఎక్కువగా పిలుపు మీదే. పిలవడానికి ముందు చూడాలి కదా, చూడటానికి ఒక చోటు కావాలి కదా. ఆ ఏడాదే కీన్‌స్పేస్ అనే ఉచిత చోటు తెరిచారు. ఎవరైనా వచ్చి తమ బొమ్మల కథ పెట్టుకోవచ్చు, అడ్డేం లేదు. వేలమంది వచ్చారు. అందులో గీత బాగున్నవాళ్ళను, కథ నడిపించగలవాళ్ళను, చెప్పిన రోజుకు తప్పకుండా బొమ్మ పెట్టేవాళ్ళను గమనిస్తూ ఉండి, కొద్దిమందిని పై మెట్టుకు పిలిచారు. ‘బాల’ చేసిన పని ఇదే, పద్ధతి మాత్రం వేరు. ‘బాల’లో పిల్లల పనిని ప్రేమగా చూసి దిద్దే పెద్దలు ఇద్దరున్నారు. కీన్‌స్పేస్‌లో దిద్దేవాళ్ళు లేరు, చూసేవాళ్ళే ఉన్నారు. ఇది చిన్న తేడా కాదు. దిద్దేవాళ్ళు లేని చోట గట్టి పిల్లలే నిలబడతారు. మెత్తని మనసున్న పిల్లలు, కాస్త ఆలస్యంగా పండే పిల్లలు రాలిపోతారు. వాళ్ళలో ఎంత మంచి చేతులు పోయాయో ఎవరూ లెక్క కట్టలేరు.

చెప్పిన రోజుకు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. బొమ్మల కథల సమూహాలు ఎక్కడ పుట్టినా, గీత తర్వాత చూసే గుణం ఇదే. హోవార్డ్ టేలర్ అనే ఆయన ‘ష్లాక్ మెర్సెనరీ’ అనే కథను 2000 జూన్‌లో మొదలుపెట్టి 2020 జులైలో ముగించేదాకా, ఇరవై ఏళ్ళు, ఒక్క రోజు తప్పకుండా గీశారు. చందమామ గదిలో కూడా నెల తిరిగేసరికి అట్ట, లోపలి బొమ్మలు సిద్ధం కావాలి. ఆలస్యమైతే ఆగేది ఒక్క తెలుగు సంచిక కాదు, అన్ని భాషల సంచికలూ ఆగుతాయి. ఇరవై బొమ్మలు అద్భుతంగా వేసి మాయమయ్యేవాడికంటే, రెండొందలు నమ్మకంగా వేసేవాడే పిలుపుకు తగినవాడు. యువ చిత్రకారులకు ఇది చేదుగా ఉంటుందని తెలుసు, అయినా రెండు కాలాల సాక్ష్యమూ ఇటే ఉంది.

2002 మార్చిలో జోయీ మ్యాన్లీ ఇంకో దారి తొక్కారు. మోడరన్ టేల్స్ అని పేరు పెట్టి, కొందరు చిత్రకారుల్ని ఏరి పిలిచి, చదివేవాళ్ళ దగ్గర నెలకు 2.95 డాలర్ల చందా వసూలు చేశారు. ఇది పాత పత్రికల పద్ధతే, తెర మీదికి ఎక్కింది. మ్యాన్లీ ఎక్కువగా సంపాదకుడి కన్నుతో చూసిన మనిషి. ఎవరిని పిలవాలో తన రుచి మీద నిర్ణయించుకున్నారు. చక్రపాణికి దగ్గరి బంధువు లాంటి మనిషి ఈ రంగంలో ఎవరైనా ఉంటే ఆయనే. 2013లో చిన్న వయసులోనే పోయారు.

ఇక హక్కుల సంగతి. ఈ భాగమంతా నేను నడిచింది ఇక్కడికి రావడానికే. చందమామలో చిత్రకారుడు జీతగాడు. బొమ్మ గీసి ఇచ్చాక అది సంస్థది. ఎన్ని భాషల్లో వేసినా, ఎన్నేళ్ళ తర్వాత మళ్ళీ వేసినా గీసిన చేతికి వేరే పైకం లేదు. దానికి బదులు నెలనెలా ఇల్లు గడిచే జీతం ఉంది, బొమ్మ మూల సంతకం ఉంది. కీన్‌స్పాట్‌లో తిరగేసి ఉంది. బొమ్మ గీసినవాడిదే, ప్రకటనల మీద వచ్చిన దాంట్లో వాటా ఉంటుంది. జీతం మాత్రం లేదు. చదివేవాళ్ళు తక్కువైన నెలలో వాటా టీ ఖర్చుకు కూడా రాదు. 2005లో కొంతమంది కీన్‌స్పాట్ వదిలి బ్లాంక్ లేబుల్ కామిక్స్ అని సొంత గుంపు కట్టుకున్నారు. డేవ్ కెలెట్, క్రిస్టఫర్ స్ట్రాబ్ లాంటి వాళ్ళు అందులో ఉన్నారు. హోవార్డ్ టేలర్ కూడా ఆ గుంపులో చేరారు. పైన ఒకరు ఎంచి పిలిచే పద్ధతి పోయి, ఒకరినొకరు ఎంచుకునే పద్ధతి వచ్చింది.

సంతకం అన్నాను కదా, దాని పక్కనే ఒక నొప్పి ఉంది. చందమామ బొమ్మ మీద చిత్రా పేరుంది, శంకర్ పేరుంది, వ.పా. ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల మీద రచయిత పేరు లేదు. సంపాదకుడుగా అచ్చయ్యేది చక్రపాణి పేరు, కుటుంబరావు పేరు కాదు. నల్లపాడు నుంచి ఒంగోలు దాకా ఆ కథలకోసం నెలంతా ఎదురుచూసిన పిల్లలు, అవి రాసిన మనిషి తమ జిల్లావాడే అని తెలియకుండానే పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళు చేసుకుని, తమ పిల్లలకూ అవే కథలు చెప్పారు. చందమామ మీద నాకున్న ప్రేమ ఎంత గొప్పదైనా, ఈ ఒక్క విషయంలో ఆ సంస్థను సమర్థించలేను. ఒక సమూహంలోకి మనిషిని పిలిచినప్పుడు జీతం ఎంత అని అడగడం ఎంత అవసరమో, నా పేరు ఎక్కడ పడుతుంది అని అడగడమూ అంతే అవసరం. సుబ్రహ్మణ్యం గారు 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. ఆయన ధారావాహికలు ఆయన పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. అదొక్కటే ఊరట.

చందమామ 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్ళింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఆగిపోయింది. శంకర్ గారు దాదాపు చివరిదాకా గీస్తూనే ఉన్నారు. 2020 సెప్టెంబర్‌లో 96 ఏళ్ళ వయసులో పోయారు. మరుసటి ఏడు ఆయన పేరు పద్మశ్రీ జాబితాలో వచ్చింది.

ఈ రోజు నల్లపాడులో ఒక ఇంటర్ పిల్ల సెల్‌ఫోన్ మీద వేలితో బొమ్మలు గీసి, నాలుగు గడుల కథగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతోందనుకోండి. ఆ పిల్లకు తలుపులు ఎక్కడున్నాయి? కొరియాలో 2004లో మొదలై 2014లో ఇంగ్లీషులోకి వచ్చిన వెబ్‌టూన్‌లో కాన్వాస్ అనే చోట ఎవరైనా కథ పెట్టవచ్చు. బాగా చదివించిన వాటిని ఒరిజినల్స్‌లోకి తీసుకుని డబ్బిస్తారు. కీన్‌స్పేస్ పద్ధతే, ఇంకా పెద్ద ఎత్తున. టూన్‌సూత్ర లాంటి మన దేశపు ఆప్‌లు తెలుగులో కూడా బొమ్మల కథలు ఇస్తున్నాయి. ఎక్కడికి పోయినా అడిగేవి మాత్రం పాతవే. పూర్తిచేసిన మచ్చు భాగాలు కొన్ని, ఇక ముందు వారానికి ఎన్ని ఇవ్వగలవన్న మాట, ఆపైన ఒక ఒప్పందం.

ఆ ఒప్పందం కాగితాన్ని పిల్ల ఒక్కతే చదువుకోకుండా ఇంట్లో నాన్న పక్కన కూర్చుని చదవాలి. నల్లపాడు నాన్నకు కామిక్స్ తెలియకపోవచ్చు. పత్తి కాంట్రాక్టు చదివిన మనిషికి, కమీషన్ ఏజెంటు దగ్గర అడ్వాన్సు తీసుకున్న మనిషికి, ఏ వాక్యం దగ్గర ఆగాలో బాగా తెలుసు. బొమ్మ మీద హక్కు ఎన్నేళ్ళు? అదే పాత్రలతో ఇంకో చోట గీయవచ్చా? సినిమావాళ్ళు అడిగితే పైకం ఎవరికి? కథ మధ్యలో ఆపేస్తే ముందిచ్చిన డబ్బు తిరిగి కట్టాలా? పేరు ఎక్కడ, ఎంత పెద్ద అక్షరాల్లో? 1950లలో వడపళనిలో చేరిన చిత్రకారులకు ఈ ప్రశ్నలు వేసే వీలే లేదు. ఇప్పటి పిల్లకు ఉంది, కాగితం చేతిలో ఉండగా వేసుకోవాలి.

చందమామ బొమ్మల గది నుంచి ప్రెస్సు గదికి మధ్య ఇంకొందరు మనుషులున్నారు. శంకర్ గీతను జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంలో ముంచి, బ్లాకు చేసినవాళ్ళు. గుంటూరు, తెనాలి ప్రెస్సుల్లోనూ ఆ పనివాళ్ళుండేవారు. వచ్చే భాగం వాళ్ళ గురించి.